వరదలో మునిగిన మారుతి 800: ఇంజన్ పట్టేసింది, ఇంట్లోనే దించొచ్చా?

తెల్ల800

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా మీద పడినప్పుడు మా నాన్నగారి మారుతి 800 పోర్టికోలో ఉంది. 1997 మోడల్, కార్బురేటర్ బండి. మా వీధిలో నీళ్లు ఎనిమిది రోజులున్నాయి. మేం మేడ మీద, కారు కింద. మొదటి రోజు పైనుంచి చూస్తే టాపు కనబడేది. రెండో రోజు అదీ కనబడలేదు.

నీళ్లు దిగాక బురద కడిగించాం, సీట్లు పీకి ఎండబెట్టాం. ఇల్లు బాగుచేసుకునేసరికి చేతిలో డబ్బులు అయిపోయాయి, కారు అలాగే ఉండిపోయింది. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే, అక్కణ్ణుంచి పైసా రాదు. ఇప్పటికి పది నెలలైంది. మొన్న కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, లైట్లు డిమ్ అయ్యాయి, అంతే. నాలుగో గేరులో వేసి నలుగురం తోశాం. ముందు చక్రాలు సిమెంటు మీద ఈడ్చుకుంటూ వచ్చాయి గానీ ఇంజన్ కదల్లేదు.

ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకాయన ఇంజన్ పట్టేసింది, వేరేది వేసేద్దాం అన్నాడు. రెండో ఆయన బానెట్ కూడా ఎత్తకుండా పాత ఇనుముకి ఇచ్చేయమన్నాడు. పాత బండ్లు కొనేవాడు చెప్పిన రేటు విని మా నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు పానాలు పట్టుకోవడం వచ్చు. బైకు ఇంజన్ ఒకసారి విప్పి బిగించాను (రెండు వాషర్లు మిగిలాయి, అయినా నడుస్తోంది). ఆదివారాలు ఖాళీనే. పోర్టికో శ్లాబుకి ఉయ్యాల కొక్కెం ఉంది, దానికి చైన్ బ్లాక్ తగిలించి ఇంజన్ దించుదామని ఆలోచన. అయ్యే పనేనా? చేసినవాళ్లుంటే చెప్పండి.

పాతసామాను

బ్రదర్, ఆవేశపడకు. ఇంజన్ దించడం, బోరింగు (సిలిండర్ గోడలు లోపల చెక్కించడం), పిస్టన్లు, రింగులు, బేరింగులు, ప్యాకింగ్ సెట్టు అన్నీ లెక్కేస్తే బండి ఖరీదు దాటిపోతుంది. నీకు ఆటోనగర్ పక్కనే. తిరుగుతున్న సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఒకటి తెచ్చుకుంటే ఒక్క రోజులో వేసిస్తారు. ఆదివారాలు సినిమాలకి వెళ్లు.

డిపో బాబాయ్

పైన తమ్ముడు చెప్పింది డబ్బు లెక్కలో తప్పు కాదు. కానీ ఒకటి మర్చిపోయాడు. ఇంజన్ నంబరు బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ మొండెం) మీద కొట్టి ఉంటుంది, అదే నీ ఆర్సీలో ఉంటుంది. వేరే ఇంజన్ వేస్తే నంబరు మారిపోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆ మార్పు ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి, తెచ్చిన ఇంజన్‌కి కాయితాలు చూపించాలి. పాత సామాన్ల కొట్టువాడు ఆ కాయితం ఇస్తాడో లేదో ముందే అడుగు. పైగా 97 బండి అంటున్నావు, పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్‌కి వెళ్లాల్సిన బండి. అక్కడ నంబరు తేడా వస్తే ఎన్ని తిప్పలో నాకు తెలుసు. అదే నీ బ్లాకే ఉంచుకుని లోపలివి మార్చావనుకో, ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు.

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు ఇంజన్ల మీదే బతికాను. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లు చూసిన కళ్లకి 800 ఇంజన్ చంటిపిల్ల. మూడు సిలిండర్లు, 796 సీసీ, తల మీద ఒక్కటే క్యామ్ షాఫ్టు. గేర్‌బాక్సు కలిపినా ఇద్దరు లావాటి మనుషుల బరువుకి మించదు. ఇంట్లో దించడానికి ఇంతకంటే సులువైన కారు దొరకదు. కాబట్టి అయ్యే పనే.

అయితే ముందు రెండు సంగతులు తేలాలి.

మొదటిది. నీళ్లు దిగిన కొత్తలో ఎవరైనా సెల్ఫ్ కొట్టారా? నిజం చెప్పు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా ఇంజన్ తిప్పితే పిస్టన్ పైకెళ్లి నీటి గోడకి గుద్దుకుంటుంది, పిస్టన్‌ని కింది ఇరుసుకి (క్రాంక్) కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తుప్పుకి మందుంది. వంగిన రాడ్డుకి మార్చడమే మందు.

రెండోది. పట్టేసింది ఇంజనేనా? నవ్వకు. మునిగిన బళ్లలో బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పట్టేసి బెల్టు లాగనివ్వదు. సెల్ఫ్ మోటారు పళ్లు ఫ్లైవీల్‌లో (క్రాంక్ చివరుండే పళ్ల చక్రం) ఇరుక్కుపోతాయి. జనం ఇంజన్ పోయిందని బండి అమ్మేసుకుంటారు. ఫ్యాన్ బెల్టు తీసెయ్. సెల్ఫ్ మోటారు విప్పి పక్కన పెట్టు. గేరు న్యూట్రల్‌లో ఉంచు. ప్లగ్గులు మూడూ తియ్. ఇప్పుడు క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి తిప్పి చూడు. పుల్లీ వైపు నించుని చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. రెండో వైపు బలంగా లాగితే బోల్టే ఊడొస్తుంది.

తిరక్కపోతే అక్కడితో ఆపు. పైపు తగిలించి వేలాడకు. కింద ఆయిల్ ప్లగ్గు విప్పి ఏం వస్తుందో చూసి ఇక్కడ రాయి.

తెల్ల800

బాబాయ్ గారూ, దండాలు. మీరడిగింది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. నీళ్లు దిగిన మూడో రోజు మా పెదనాన్న కొడుకు “ఒకసారి చూద్దాం” అని తాళం తిప్పాడట. ఠంగ్ మని సౌండొచ్చి ఆగిపోయిందట. ఈ పది నెలలూ ఆ మాట నోటితో అన్లేదు. నిన్న బిర్యానీ తింటూ చెప్పాడు.

ఫ్యాన్ బెల్టు తీశాను. ఆల్టర్నేటర్ కూడా పట్టేసే ఉంది, మీరన్నట్టే. సెల్ఫ్ మోటారు విప్పాను, లోపల ఎండిన బురద అచ్చు మట్టి ప్రమిదలా ఊడింది. ప్లగ్గులు తీశాను. మూడో దాని మొన మీద తుప్పు పూసింది, మిగతా రెండూ పొడిగా నల్లగా ఉన్నాయి. పుల్లీ బోల్టుకి పానా వేశాను. గోడని తోసినట్టుంది.

ఆయిల్ ప్లగ్గు విప్పితే మొదట బురదనీళ్లు ఒక లీటరు దాకా ధారగా వచ్చాయి. తర్వాత పాలెక్కువైన టీ రంగులో చిక్కటిది జారింది. చివర్లో మామూలు నల్ల ఆయిల్.

డిపో బాబాయ్

నీళ్లు బరువు, ఆయిల్ తేలిక. అందుకే అడుగున్న నీళ్లు ముందొచ్చాయి. ఆ ఆయిల్ కాలవలో పొయ్యకు, డబ్బాలో పట్టి ఉంచు, ఆటోనగర్‌లో తీసుకుంటారు.

ప్లగ్గులు చెప్పిన కథ విను. ఇంజన్ ఆగినప్పుడు ఒక్కో సిలిండర్ ఒక్కో చోట ఆగుతుంది. వాల్వు తెరిచి ఉన్నదాంట్లోకి కార్బురేటర్ నుంచో సైలెన్సర్ గొట్టం నుంచో నీళ్లు వస్తాయి. రెండు వాల్వులూ మూసుకున్నదాంట్లోకి అంత తేలిగ్గా రావు. నీది మూడో సిలిండర్ తాగింది. మీ అన్న కొట్టిన దెబ్బ కూడా దానికే తగిలి ఉంటుంది. పట్టుకుంది మూడో పిస్టన్ రింగులు.

ఇప్పుడు మూడు ప్లగ్గు బొక్కల్లోనూ డీజిల్లో గేర్ ఆయిల్ కొంచెం కలిపి ఒక్కో చిన్న గ్లాసుడు పొయ్. మూడో దాంట్లో రోజూ చూసి దిగినంత మళ్లీ పొయ్. పది రోజులు. మధ్యలో బోల్టు జోలికి పోకు. ఆ పది రోజులూ విప్పే పని పెట్టుకో.

ఉయ్యాల కొక్కెం సంగతి. అది ఊగే మనిషిని మోసింది కదా అంటావు, నాకు తెలుసు. పది నెలల క్రితం ఎనిమిది రోజులు నానిన శ్లాబు, పాతికేళ్ల నాటి ఇనప కడ్డీ. లోపల ఎంత తుప్పు తిందో నువ్వూ చూళ్లేవు, నేనూ చూళ్లేను. వద్దు. మామిడి చెట్టు కొమ్మా వద్దు. లావు జీఐ పైపులు మూడు తెచ్చి తల దగ్గర గట్టి బోల్టుతో ముక్కాలి కట్టు, కాళ్లు జారకుండా అడుగున గొలుసు చుట్టు. చైన్ బ్లాక్ అద్దెకిస్తారు. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకు. రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాకే తల లోపల పెట్టు. ఇది మాత్రం రాసి గోడకి అంటించుకో.

ఇక విప్పే వరస. బ్యాటరీ నెగటివ్ ముందు. పెట్రోలు ట్యాంకు ఖాళీ చెయ్, ఎలాగూ అందులోనూ బుడమేరే ఉంటుంది. పెట్రోలు పైపులు విప్పేరోజు పోర్టికోలో అగరొత్తి కూడా వెలగకూడదు, ఇసక బకెట్టు పక్కనుండాలి. బానెట్ తీసేముందు కీలు చుట్టూ పెన్సిల్ గీత గియ్, లేకపోతే మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. రేడియేటర్, కేబుళ్లు (యాక్సిలరేటర్, చోక్, క్లచ్, స్పీడోమీటర్), వైర్లు, సైలెన్సర్ పైపు, గేరు రాడ్డు. డ్రైవ్ షాఫ్టులు గేర్‌బాక్సు వైపు నుంచి ఊడదీయాలి. కింది ఆర్మ్ విప్పి చక్రం బయటికి లాగితే గానీ రావు, ముందు గేరాయిల్ దించుకో, లేదంటే స్నానం చేస్తావు. ఆఖర్న మౌంటింగులు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిపే పైకి లేపు, విడదీయడం కింద పెట్టాక.

విప్పిన ప్రతి వైరుకీ తెల్ల ప్లాస్టర్ చుట్టి నంబరు రాయి. ఫోన్లో ఫొటోలు తీస్తానంటావు, తియ్. కానీ నల్లగా ఉన్న నాలుగు వైర్లు ఫొటోలో నల్లగానే ఉంటాయి.

డాలస్ గ్యారేజ్

ఇక్కడ మేం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్లో (ఏటీఎఫ్) సగానికి సగం అసిటోన్ కలిపి వాడతాం. పట్టేసిన వాటిలోకి డీజిల్ కన్నా బాగా దిగుతుంది. ఇంజన్ క్రేన్ రోజు అద్దెకి తెచ్చుకుంటాం, అక్కడ దొరికితే ముక్కాలి కన్నా అది నయం.

డిపో బాబాయ్

దిగుతుంది, కాదనను. కానీ అసిటోన్ కూడా పెట్రోలు లాగే ఇట్టే అంటుకుంటుంది. ఇంటి ముందు పోర్టికో, పక్కనే వంటగది కిటికీ. పది నెలలు ఆగినవాడు పది రోజులు డీజిల్‌తో ఆగలేడా? క్రేన్ దొరికితే మాత్రం అదే తీసుకో, నీ మాటే నా మాట.

తెల్ల800

అప్‌డేట్. ఇంజన్ బయటికొచ్చింది!

రెండు ఆదివారాలు, మధ్యలో నాలుగు సాయంత్రాలు. క్రేన్ దొరకలేదు, ముక్కాలే కట్టాం. మా నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ముందు కూర్చున్నారు. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. ప్రతి బోల్టూ ఎన్నోదో పాత అటెండెన్స్ రిజిస్టర్లో రాశారు. “బోల్టు 43, పొడుగు, ఎడమ మౌంటింగ్ కింద” ఇలా. మౌంటింగులు ఊడాక చైన్ లాగుతుంటే ఇంజన్ ఒక జానెడు లేచి ఆగింది. ఎంత లాగినా ముక్కాలి కిర్రుమంటోంది గానీ అది రాదు. నాన్న కుర్చీలోంచే “స్పీడోమీటర్ కేబులు రాయలేదు నేను” అన్నారు. నిజమే, అది విప్పలేదు. గేర్‌బాక్సు వెనక తగులుకుని ఉంది. ఇంకో రెండు లాగులు లాగితే తెగేది.

కింద టైర్లు పరిచి దించాం. గేర్‌బాక్సు విడదీశాను. టైమింగ్ బెల్టు, మానిఫోల్డులు, హెడ్ (సిలిండర్ల పైమూత) తీశాను. ఇదిగో కథ: ఒకటో పిస్టన్ దాదాపు పైన ఉంది, రెండోది దాదాపు అడుగున ఉంది, మూడోది సరిగ్గా మధ్యలో. మూడో దాని గోడ మీద చుట్టూ ఎర్రటి గీత, బకెట్లో నీళ్లు ఆరిపోతే మిగిలే మరకలాగా. వేలితో రాస్తే గోరు ఆగుతోంది. పది రోజులు డీజిల్ తాగాక కూడా క్రాంక్ కదల్లేదు. సుత్తి తీసుకోవాలనిపిస్తోంది.

డిపో బాబాయ్

మాస్టారికి నా నమస్కారం చెప్పు. అలాంటి మనిషి మా డిపోలో ఒక్కడుంటే సగం కంప్లయింట్లు ఉండేవి కావు.

సుత్తి తీసుకో, కానీ నే చెప్పినట్టు. ముందు మూడో బోర్‌లో పిస్టన్‌కి పైన కనబడే తుప్పంతా సన్న ఎమరీ కాయితంతో, డీజిల్ తడి చేసి, చుట్టూ తిప్పుతూ తీసెయ్. మళ్లీ డీజిల్ పోసి ఒక రాత్రి ఉంచు.

నీ అదృష్టం ఏంటంటే పట్టుకున్నది మధ్యలో ఉన్న పిస్టన్. పైనో అడుగునో ఉండి ఉంటే రాడ్డు నిలువుగా నించుంటుంది, ఎంత కొట్టినా దెబ్బ నేరుగా క్రాంక్ బేరింగు మీదికి పోతుంది గానీ క్రాంక్ తిరగదు. మధ్యలో ఉంటే రాడ్డు వాలుగా ఉంటుంది, నొక్కితే సైకిల్ పెడల్ లాగా క్రాంక్ తిరుగుతుంది. బోర్ లోపలికి వదులుగా దూరేంత గుండ్రటి చెక్క దిమ్మ చేయించు. వేప గానీ తుమ్మ గానీ. దాన్ని పిస్టన్ తల మీద నిలబెట్టి చిన్న చిన్న దెబ్బలు. అదే సమయంలో ఇంకొకళ్లు పుల్లీ బోల్టుకి పానా వేసి బిగువు పట్టి ఉంచాలి. ఒక్క పెద్ద దెబ్బ వద్దు, యాభై చిన్నవి కొట్టు. ఇనప రాడ్డు నేరుగా పిస్టన్ మీద పెట్టావో, అల్యూమినియం తలకి సొట్ట పడుతుంది.

ఎంత కదిలిందో పిస్టన్‌ని చూస్తే తెలియదు. ఫ్లైవీల్ పళ్ల మీద సుద్దముక్కతో గీత గియ్, ఎదురుగా బ్లాకు మీద ఇంకో గీత. పళ్లు లెక్కపెట్టుకో.

కదిలాక ఒకేవైపు తిప్పకు. ముందుకి రెండు పళ్లు, వెనక్కి ఒకటి, మళ్లీ డీజిల్. ఇరుక్కున్న తాళంచెవిని మనం ఏం చేస్తాం, అదే.

తెల్ల800

ఒక పన్ను.

నిన్న సాయంత్రం ఆరింటికి. మా అన్న (ఆ సెల్ఫ్ కొట్టినవాడే, శిక్షగా పిలిపించాం) పానా పట్టుకున్నాడు, నేను దిమ్మ మీద కొడుతున్నాను. దాదాపు గంట అయింది, ఏం లేదు. ఇంతలో దెబ్బ శబ్దం మారింది. అప్పటిదాకా రాయి మీద కొట్టినట్టు టంగ్ టంగ్ అనేది, ఒక్కసారి డప్పు మీద కొట్టినట్టు బొద్దుగా వచ్చింది. సుద్ద గీత చూస్తే ఒక పన్ను జరిగి ఉంది. మా నాన్న కుర్చీలోంచి లేచొచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూసి, రిజిస్టర్లో టైము రాసుకున్నారు.

ఈ రోజు పొద్దున నాలుగు పళ్లు, మధ్యాహ్నానికి చుట్టు తిరిగింది. బాబాయ్ గారూ, ఏం చెప్పాలో తెలీడం లేదు.

డిపో బాబాయ్

ఏం చెప్పక్కర్లేదు, కొలు. రాడ్డు సంగతి తేలలేదు ఇంకా. మూడు పిస్టన్లనీ ఒక్కొక్కదాన్నే పూర్తిగా పైకి తీసుకురా. బ్లాకు మొహం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, స్కేలుకీ పిస్టన్ తలకీ మధ్య ఎంత సందుందో ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్న రేకులు) చూడు. మూడూ ఒకేలా ఉండాలి. మూడోది దిగువగా ఆగితే రాడ్డు వంగి పొట్టిదైందని అర్థం.

తెల్ల800

ఒకటీ రెండూ సమానం. మూడోది దిగువగానే ఆగింది, ఏటీఎం కార్డు మందం తేడా. మా అన్నకి చూపించాను. రాడ్డు డబ్బులు తనే ఇస్తానన్నాడు.

సంప్ (ఇంజన్ అడుగున్న ఆయిల్ తొట్టి) విప్పి, రాడ్డు క్యాపులకి సెంటర్ పంచ్‌తో 1, 2, 3 చుక్కలు కొట్టి, పిస్టన్లు పైనుంచి తీసేశాను. బేరింగులు గీతలు పడ్డాయి, క్రాంక్ మాత్రం కంటికి నున్నగానే ఉంది. ఇప్పుడు బ్లాకు బోరింగుకి తీసుకెళ్లాలి. ఎంత బోర్ కొట్టించాలి? పాయింట్ 25 (పావు మిల్లీమీటరు) చాలా?

బోరింగ్ షాపు

అన్నయ్యా, మా నాన్నది ఆటోనగర్‌లో బోరింగ్ షాపు, లెక్కలూ కొలతలూ నేను చూస్తాను. షాపు పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు. ఎక్కడికి తీసుకెళ్లినా ఇవి మాత్రం అడగండి.

800 స్టాండర్డ్ బోర్ 68.5 మిల్లీమీటర్లు. పాయింట్ 25 చాలా, పాయింట్ 50 కావాలా అనేది ఫోన్లో చెప్పేవాళ్లని నమ్మొద్దు. బోర్ గేజ్ పెట్టి పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలవాలి. గోరు ఆగుతోందన్నారు కదా, తుప్పు గుంటలు లోతుగా ఉంటాయి, నా అనుమానం పాయింట్ 50 అని. పాయింట్ 25 కొట్టాక గుంట మిగిలిపోతే రింగు అక్కడే ఆయిల్ వదిలేస్తుంది, నీలం పొగ.

ఒక్క మూడో బోరే పాడైందని అదొక్కటే కొట్టమనకండి. మూడూ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే ఇంజన్ కుదురుగా తిరగదు.

ఇంకోటి, అందరూ తిరగేసి చేసేది ఇదే: ముందు పిస్టన్లు కొని బ్లాకుతో పాటు ఇవ్వండి. పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి సరిపోయేలా బోర్ కొడతాం. రెండిటి మధ్యా ఉండాల్సిన సందు తల వెంట్రుకలో సగం మందం. పిస్టన్ చూడకుండా బోర్ కొట్టేవాడు అంచనా మీద కొడుతున్నట్టే. చివర్లో హోనింగ్ (బోర్ గోడని సన్నరాయితో రుద్దడం) అయ్యాక గోడ అద్దంలా మెరవకూడదు, సన్నటి అడ్డగీతలు వల అల్లినట్టు కనబడాలి. ఆయిల్ ఆ గీతల్లోనే నిలుస్తుంది.

రాడ్డు సెకండ్‌హ్యాండ్‌ది దొరుకుతుంది, కానీ మిగతా రెండింటితో తూకం వేయించండి. మా దగ్గర బంగారం తక్కెడ లాంటిది పెట్టాం దీనికోసం. మిగతా రెండు రాడ్లూ కూడా జిగ్ మీద పెట్టించండి, మెలి తిరిగినా కంటికి తెలియదు. హెడ్ ఫేసింగూ వాల్వు గ్రైండింగూ ఒకేసారి అయిపోతాయి. క్రాంక్ నున్నగా ఉన్నా కొలిపించండి, సైజు ఉంటే పాలిష్ చాలు.

ఇంటికి తెచ్చాక బ్లాకుని పెట్రోలుతో కాదు, సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. హోనింగ్ పొడి పెట్రోలుకి పోదు. తెల్ల గుడ్డతో బోర్ తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. వెంటనే ఆయిల్ రాసేయండి, పావుగంటలో మళ్లీ తుప్పు వాలుతుంది.

తెల్ల800

అమ్మా, మీరన్నట్టే పాయింట్ 50 పడింది. పాయింట్ 25 దగ్గర మూడో బోర్‌లో ఆవగింజంత గుంటలు రెండు మిగిలాయి. ఇప్పుడు బోర్ 69. మా నాన్న కూర్చుని లెక్క వేశారు, 796 సీసీ కాస్తా దాదాపు 808 అయిందట. “ఇన్నేళ్లకి దీనికి పేరు సార్థకమైంది, నిజంగా 800 దాటింది” అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు.

బిగింపు మొదలుపెట్టాను. పిస్టన్ తల మీద బాణం పుల్లీ వైపే కదా?

డిపో బాబాయ్

పుల్లీ వైపే. రింగుల కోతలు మూడూ ఒకే వరసలో పెట్టకు, తలోవైపు తిప్పు. పిస్టన్లో వేసేముందు రింగుని ఒక్కదాన్నే బోర్‌లో దించి కోత సందు ఫీలర్‌తో చూడు, సందు లేకుండా మూసుకుపోతే వేడికి రింగు సాగి మళ్లీ పట్టేస్తుంది. బేరింగులకి ఆయిల్ ధారాళంగా. ఒక్కో రాడ్డు బిగించాక క్రాంక్ తిప్పు. తిరిగితేనే తర్వాతది. మూడూ బిగించి అప్పుడు తిరగలేదంటే ఎవరి తప్పో తెలీదు.

హెడ్ బోల్టులు టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) లేకుండా ముట్టుకోకు, మాన్యువల్లో అంకె చూసుకో. మధ్యలోవి ముందు, చివరివి ఆఖర్న, మూడు విడతలుగా. చేతి అంచనా నాకుంది గానీ నీకు లేదు, అది 31 ఏళ్లకొచ్చింది.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పు. అప్పుడు ప్లగ్గులు.

తెల్ల800

బాబాయ్ గారూ, అర్జెంటు. ఈ రోజు ఇంజన్ బండిలో కూర్చోబెట్టి అన్నీ బిగించాం. మీరన్నట్టు ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టాను. నీరసంగా, ముసలాయన మెట్లెక్కినట్టు తిరుగుతోంది. రెండోసారి కొట్టేసరికి క్లచ్ కేబుల్ దగ్గర పొగ వచ్చింది, ముట్టుకుంటే చెయ్యి కాలింది. బ్యాటరీ కొత్తదే. మళ్లీ పట్టేసిందా? టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు.

డిపో బాబాయ్

అన్నం తిను. బ్యాటరీ వైరు తీసేసి తిను.

ఇంజన్‌కి ఏం కాలేదు. రిజిస్టర్ తెమ్మని మాస్టారిని అడుగు, బోల్టు ఏదైనా మిగిలిందా అని.

తెల్ల800

ఒకటి మిగిలింది. డబ్బాలో ఉంది. రిజిస్టర్లో “బోల్టు 17, పొట్టి, ఎర్త్ వైరు, గేర్‌బాక్సు మీద” అని ఉంది. ఆ పేజీకి ఆయిల్ అంటుకుని రెండు పేజీలు అతుక్కుపోయాయి.

డిపో బాబాయ్

అదే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి దానికి ఇనుముతో ఇనుము తగలదు. ఎర్త్ వైరు లేకపోతే సెల్ఫ్ లాగే కరెంటంతా వెనక్కి పోవడానికి దారి వెతుక్కుంటుంది. దొరికింది క్లచ్ కేబులు. కేబుల్ లోపల తీగ మాడి ఉంటుంది, అది కూడా కొత్తది వెయ్. వైరు చివర తుప్పు గీకి శుభ్రంగా బిగించు.

తెల్ల800

రాత్రి 8.40కి స్టార్టయింది. మూడో సెల్ఫ్‌కి. మొదటి రెండు నిమిషాలు సైలెన్సర్ నుంచి బురద వాసన, తెల్లపొగ, వీధి వీధంతా బయటికొచ్చారు. తర్వాత సర్దుకుంది. ఆయిల్ లైటు ఆరింది. నీలం పొగ లేదు. మా నాన్న డ్రైవర్ సీటులో కూర్చుని హారన్ నొక్కారు, మోగలేదు. “మరి ఇదెప్పుడు చేస్తావు?” అంటున్నారు.